తలకిందుల అంటు

ఆ పిల్లకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకేదో ఉంది గానీ అది ఎవరికీ గుర్తు లేదు. నూనెలో పడ్డ ఆవగింజలా మాట్లాడుతుంది కాబట్టి తోటంతా చిటపట అనే పిలిచేది.

చుట్టూ ఎత్తైన గోడ, లోపల తోట, తోటలోనే ఇళ్ళు. అక్కడ ప్రతి మనిషికీ ఒక చెట్టు ఉండేది. బిడ్డ పుట్టిన రోజునే దాని మొక్క మొలుస్తుంది. మనిషి ఎలాంటివాడో చెట్టూ అలాంటిదే. చెట్టు ఆకు గిల్లితే మనిషి "అబ్బా" అంటాడు. చిటపట చెట్టు నిండా ముళ్ళు. కాసిన నాలుగు కాయలూ ఎంత చేదంటే, ఒక కాకి ఒకసారి పొడిచి చూసి మళ్ళీ ఆ వైపు రాలేదు.

పన్నెండేళ్ళు నిండితే మొదటి తనిఖీ. తోట మేస్త్రి వచ్చి చెట్టు చూస్తాడు. మంచి పండుంటే సరే. లేకపోతే చెట్టును పెకిలిస్తారు, మనిషిని గేటు దాటిస్తారు. గేటు అవతల అంతా ఎండిన నేల. అటు వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి వచ్చింది లేదు.

"నువ్వేం బెంగపడకు," అంది అమ్మ, తనిఖీకి ముందురోజు సాయంత్రం. ఆమె ఒడిలో ఎనిమిది బంగారు రంగు పళ్ళు, చేతిలో ఆకుపచ్చ దారం ఉన్నాయి. "ముడి ఆకు చాటుకు పోవాలి, అంతే."

"ఇవి మన చెట్టువి కాదుగా?"

"నీళ్ళన్న చెట్టువి. ఎవరు కోసుకున్నా ఆయనేం అనడు. వీధంతా చేసేదే. నా చెట్టు మీదవి నా పళ్ళే అనుకున్నావా ఏంటి?"

అమ్మ చెట్టంటే తోటకే గొప్ప. దాన్ని చూపించి పిల్లలకు బుద్ధులు చెప్పేవాళ్ళు. ఆ పిల్లకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అయినా గేటు గుర్తొచ్చి, కిక్కురుమనకుండా దారం పట్టుకుంది.

పొద్దున మేస్త్రి వచ్చాడు. చెట్టును పైకీ కిందికీ చూసి, "పర్లేదే, మిరపకాయకు తీపి పుట్టింది!" అని మెచ్చుకోలుగా కొమ్మను ఒక్క కుదుపు కుదిపాడు. టపటపా ఎనిమిది పళ్ళూ నేల మీద పడ్డాయి. దారాలను ముళ్ళే కోసేశాయి. ఇంట్లోవాళ్ళే వెళ్ళి చాడీ చెప్పినట్టయింది. వీధి జనం గొల్లున నవ్వారు. ఆ నవ్విన వాళ్ళ చెట్ల మీద ఎన్ని దారాలున్నాయో వాళ్ళకే తెలియాలి.

"సాయంత్రానికి పెకిలించండి," అన్నాడు మేస్త్రి.

అమ్మ తల దించుకుంది. చిటపట మాత్రం ఏడవలేదు. పరుగున బావి దగ్గరికి పోయింది. అక్కడ నీళ్ళన్న బిందెలు నింపుతున్నాడు. ఆయన తోట యజమాని కొడుకు. అయినా తెల్లారితే చాలు, బిందెలు మోసి అందరి పాదుల్లో నీళ్ళు పోస్తాడు. అది చూసి మేస్త్రికి తలవంపుగా ఉండేది.

"నీళ్ళన్నా, నీ చెట్టు కొమ్మ ఒకటియ్యి. నా చెట్టుకు అంటు కట్టుకుంటా. కింద అడవి మొక్క, పైన మంచి కొమ్మ. మా అమ్మ రోజూ తోట షెడ్డులో అంట్లు కట్టేది అలాగేగా."

ఆయన బిందె దించి ఆమె చెట్టు దగ్గరికి నడిచాడు. మొదలు దగ్గర మట్టి తవ్వి వేరు బయటికి తీశాడు. వేరు నల్లగా, మెత్తగా కుళ్ళిపోయి ఉంది.

"దీని మీద ఏం కట్టినా బతకదమ్మా. నీ కొమ్మ తీసుకురా. నా చెట్టుకు కడదాం."

"తలకిందులుగానా!" అంది చిటపట. "మా అమ్మ వింటే నీ చెవి మెలేస్తుంది. పైన ఏ కొమ్మ కడితే ఆ కాయే కాస్తుంది. నా చేదంతా నీ చెట్టెక్కుతుంది."

"షెడ్డులో సంగతి అది. నా చెట్టు సంగతి నాకు తెలుసు."

"మరి కొమ్మ దూర్చాలంటే మానును చీల్చాలిగా. నీకు తగలదా?"

"తగులుతుంది," అన్నాడు నీళ్ళన్న. "నీకూ తగులుతుంది. నీ కొమ్మ నువ్వే కొయ్యాలి. కోస్తావా?"

చిటపట ఆ ముళ్ళ కొమ్మను చూసింది. ఎంత చేదైనా తన చెట్టది. తర్వాత పళ్ళు బిగించి, ఆయన ఇచ్చిన కత్తి ఆనించింది. కోత పడగానే కుడి చెయ్యి భుజం దాకా మొద్దుబారింది. కొమ్మను కింద పడనివ్వకుండా ఎడమ చేత్తో పట్టుకుంది.

నీళ్ళన్న తన చెట్టు దగ్గరికి వచ్చి మానులో కత్తి దింపాడు. ఒక కొమ్మ పట్టేంత కోత సరిపోయేది. ఆయన మాత్రం పైనుంచి కిందిదాకా, మాను సగం తెరుచుకునేలా చీల్చాడు. ఆయన చొక్కా పక్కటెముకల దగ్గర ఎర్రగా తడిసింది. ఆ చీలికలో ముళ్ళ కొమ్మ మొన దూర్చి, చుట్టూ గుడ్డ పీలిక బిగించి, మైనం రాశాడు.

మేస్త్రి రొప్పుతూ వచ్చాడు. "బాబుగారూ, ఇదేం పని! ఈ ముళ్ళకంప కోసమా!"

"మూడు రోజులు ఆగు మేస్త్రీ. మూడో రోజు పొద్దెక్కేసరికి చిగురు రాకపోతే అప్పుడు చూద్దువు గాని." తర్వాత చిటపట వైపు తిరిగాడు. "ఎవరేమన్నా ఆ కట్టు విప్పకు."

అంతే, అక్కడే కూలిపోయాడు. ఆ చెట్టు ఆకులన్నీ చూస్తుండగానే వాడిపోయాయి. ఆయనకు ఊపిరి లేదు. జనం ఆయన్ని గోడ పక్కనున్న రాతి గదిలో పడుకోబెట్టి తలుపు మూసి వచ్చారు.

చిటపట ఆయన చెట్టు మొదట్లో కూర్చుంది. గుండె పగిలేలా ఏడ్చింది. తన వల్లే అనుకుంది, అది నిజమే. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, కట్టు మీద చెయ్యి వేసింది. "విప్పకు అన్నావు. విప్పను."

మూడు రోజుల గడువుందని గేటు దాటించలేదు గానీ, ఆ సాయంత్రమే ఆమె చెట్టును పెకిలించారు. ఒళ్ళంతా ఎవరో పిండినట్టయింది. అయినా కదల్లేదు.

రెండో రోజు వీధి జనం వచ్చి తలో మాటా అన్నారు. పండ్ల చెట్టును పాడు చేసిందన్నారు, తగుదునమ్మా అని కూర్చుందన్నారు. మామూలుగా అయితే మాటకు నాలుగు మాటలు తిరిగొచ్చేవి. ఆ రోజు నోరు మూసుకుని ఉండటం ముళ్ళ కొమ్మను కోయడం కన్నా కష్టమైంది. చిన్నప్పటి నుంచి దెబ్బలు తినిపించిన మొండితనం ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చింది.

చివరికి అమ్మ వచ్చింది. "లేవవే నా తల్లీ. కొత్త మొక్క ఒకటి తెచ్చి పాతేద్దాం. ఈసారి గట్టి దారం కడతా. ముళ్ళన్నీ ముందే గీకేస్తా."

"ఇంక దారం వద్దమ్మా."

"ఆయన పోయాడే! పోయినవాడి మాట పట్టుకుని కూర్చుంటావా?"

"ఆయన మాటే ఉంది నాకు. ఇంకేముంది?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు తెల్లవారుతూనే మేస్త్రి గొడ్డలితో వచ్చాడు. మాను బూడిద రంగుకు తిరిగింది. గీరి చూస్తే బెరడు కింద ఎక్కడా పచ్చదనం లేదు.

"కట్టు విప్పు పిల్లా. ఎండింది ఎండినట్టు కనబడుతూనే ఉంది."

"పొద్దెక్కలేదు ఇంకా."

"ఎక్కితే మాత్రం!"

"ఎక్కనీ." చిటపట మానును రెండు చేతులా వాటేసుకుంది. సొంత కొమ్మ ముల్లే చెంపకు గుచ్చుకుంది. "నరకాలంటే నన్ను దాటి నరుకు."

మేస్త్రి చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడు. గొడ్డలి పక్కన పెట్టి, ఆమెను లాగెయ్యడానికి చెయ్యి పట్టుకున్నాడు. అది కుడి చెయ్యి, మూడు రోజులుగా మొద్దుబారిన చెయ్యి. చిటపట ఉలిక్కిపడింది. ఆ పట్టు ఆమెకు తెలిసింది. భుజం నుంచి చల్లగా ఏదో దిగుతోంది, మోచేతికి, మణికట్టుకు, వేళ్ళ కొసలకు. పాదులోకి నీళ్ళు వదిలినట్టుంది.

"నీళ్ళు!" అని అరిచింది. "నా కొమ్మకు నీళ్ళు అందుతున్నాయి!"

"పాపం, మతి పోయింది," అన్నాడు మేస్త్రి.

"దానికి మతి బాగానే ఉంది," అని వెనక నుంచి వినబడింది. భుజాన బిందెతో నీళ్ళన్న నిలబడి ఉన్నాడు, రోజూ వచ్చే వేళకే వచ్చినట్టు. మేస్త్రి నేల మీద చతికిలబడ్డాడు. చిటపట పరుగెత్తి నీళ్ళన్న నడుం చుట్టేసింది. పక్కటెముకల దగ్గర ఆ కోత అలాగే ఉంది, రక్తం మాత్రం లేదు.

ఆయనే కట్టు విప్పాడు. ముళ్ళ మధ్య నుంచి గోరంత చిగురు లేత ఎరుపులో బయటికి వచ్చింది. చూస్తుండగానే ఎండిన మాను అంతటా పచ్చదనం పాకింది.

మేస్త్రి లేచి తడిమి చూడబోయి వేలు గుచ్చుకున్నాడు. "బాబుగారూ, ముళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి!"

"ఉంటాయి. నిన్నగాక మొన్న వచ్చిన కొమ్మ. నా నీళ్ళు తాగుతూ తాగుతూ ఒక్కొక్కటే రాలుస్తుంది."

"మరి ఈ పిల్ల చెట్టేదని యజమానిగారికి చెప్పను?"

"ఇదే," అంది చిటపట, ఆయన చెట్టు మీద చెయ్యి వేసి. నీళ్ళన్న తల ఊపాడు.

అప్పటికి వీధంతా అక్కడ చేరింది. అందరికన్నా వెనక అమ్మ నిలబడి ఉంది. తోటకే గొప్పయిన చెట్టు నుంచి తన చేత్తో కోసుకున్న కొమ్మ ఒకటి తడిగుడ్డలో పట్టుకుంది. దాని మీద ఒక్క పండు కూడా లేదు. కుడి చెయ్యి చచ్చుబడి వేలాడుతోంది. నలుగురూ చూస్తున్నారని తెలిసీ ముందుకు వచ్చింది.

"బాబూ," అంది. "నా కోసం నువ్వు ఆ మానును మళ్ళీ చీల్చాలంటే నేను చూడలేను. వెనక్కి పోతా."

"మళ్ళీ చీల్చక్కర్లేదమ్మా," అన్నాడు నీళ్ళన్న. "అందుకే అంత పెద్ద కోత పెట్టాను. రా, చోటుంది."