గట్టు మీద ఎవరూ లేరు

ఆటోనగర్‌లో మోటారు వైండింగు షాపు పైన ఉన్న రెండు గదులే హర్షవర్ధన్ ఆఫీసు. చల్లపల్లి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే గాలి మోటార్లు వాటంతటవే తిరిగేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను అక్కణ్ణుంచే నడుపుతారు. సుస్మిత అందులో చేరి ఏడాది కావస్తోంది.

ఆ ఉదయం మబ్బు పట్టింది. మబ్బు రోజున చెరువుల్లో ఆక్సిజన్ నిలవదు కాబట్టి మోటార్లన్నీ తిరుగుతున్నాయి. తెర ముందు కూర్చున్న సుస్మితకు సర్వర్ మీద భారం ఎక్కువగా ఉందనిపించింది. చెరువుల పనికి అంత అవసరం లేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్తే ఒక కంటెయినర్‌లో తాము పెట్టని ప్రోగ్రాం కనిపించింది.

కంటెయినరంటే ఒకే సర్వర్‌లో ఒక్కో రైతుకు కట్టిన విడి గది లాంటిది. ఒక గదిలో జరిగేది పక్క గదికి అంటకూడదు. కానీ ఆ గదులన్నీ ఒకే పాత అచ్చులోంచి తీసినవి. అచ్చులోని సాఫ్ట్‌వేర్ భాగాలను అప్పటినుంచి ఎవరూ మార్చలేదు. అందులో ఒకదాని లోపం పట్టుకుని ఎవడో లోపలికి వచ్చాడు. వచ్చినవాడు అక్కడే ఆగలేదు. మిగతా గదుల పేర్లు అడుగుతున్నాడు. సర్వర్ చెబుతోంది.

ఎందుకు చెబుతోందో సుస్మితకు తెలుసు. ఎవరైనా పెళ్లికో ఆస్పత్రికో వెళితే పక్క చెరువు వాళ్లు చూసిపెట్టడం అక్కడ మామూలు. హర్ష ఆ గట్ల మీద పెరిగినవాడే. పక్కవాళ్ల మోటారు వేయడానికి వేరే అనుమతులెందుకని ప్రతి గదిలోనూ సర్వర్ మొత్తానికి పనిచేసే తాళంచెవి పెట్టేశాడు. రైతులు మెచ్చుకున్నారు. సుస్మితకూ అది మంచి పనిగానే తోచింది.

హర్ష వచ్చి తెర చూసి, వెంటనే అంతా ఆపెయ్యమన్నాడు. ఆపితే మోటార్లూ ఆగిపోతాయని ఆమె గుర్తుచేసింది. సర్వర్ నుంచి కాసేపు కబురు లేకపోతే కరెంటు వృథా కాకుండా చెరువు దగ్గరుండే కంట్రోల్ బోర్డే వాటిని ఆపేస్తుంది. ముందు ప్రతి చెరువు దగ్గరా ఒక మనిషి వెళ్లి, సర్వర్‌తో పనిలేకుండా మోటార్లు తిరిగేలా బోర్డు మీట తిప్పి మాన్యువల్‌లో పెట్టాలి. అయితే మెయింటెనెన్స్ అని చెప్పి అందరికీ ఫోన్లు చెయ్యమన్నాడు హర్ష.

"మెయింటెనెన్స్ అంటే భోంచేసి తీరిగ్గా వెళ్తారు సార్."

"దొంగ దూరాడంటే రేపు మన బోర్డులు పీకి కాలవలో పడేస్తారు."

సుస్మిత ఫోను తీసుకుంది. మొదటి రైతుకు కలిపి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. హర్ష ఆమెను ఆపలేదు, తనూ ఇంకో ఫోను తీసుకున్నాడు.

రైతులు తిట్టారు. తిడుతూనే గట్ల మీదకి పరిగెత్తారు. చివరికి కనకలక్ష్మి చెరువు ఒక్కటే మిగిలింది. రొయ్యలు పట్టి అమ్మడానికి ఇంకా వారమే ఉంది. ఆ ఒక్క పంటనే నమ్ముకున్న మనిషి. అక్క మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి గన్నవరం వెళ్తూ, చెరువును పక్క చెరువు బసవపున్నయ్యకు అప్పగించింది. ఆయన చెరువు పంట తీసేశాక ఇప్పుడు ఎండగట్టి ఉంది.

సుస్మిత ఆయనకు ఫోన్ చేసింది. ఫోన్లో సుత్తి దెబ్బలు వినిపించాయి. అవే దెబ్బలు ఆమె కాళ్ల కింద నేలలోంచి కూడా వస్తున్నాయి. ఆమె మెట్లు దిగి పరిగెత్తింది.

బసవపున్నయ్య వైండింగు షాపు ముందు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కాలిన మోటారు తెచ్చాడట.

"చూస్తూనే ఉన్నాగా అమ్మాయ్," అంటూ ఫోన్ చూపించాడు. కనకలక్ష్మి చెరువు మోటార్లు తెర మీద పచ్చగా తిరుగుతున్నాయి.

"గట్టు మీద ఎవరున్నారు బాబాయ్ గారూ?"

"ఎవరుండాలి? ఎక్కడున్నా చూసుకోవచ్చని మీరే కదమ్మా చెప్పింది."

అనేశాక ఆయనకే అర్థమైనట్టుంది. జేబులోంచి, బోర్డు ఉండే కనకలక్ష్మి షెడ్డు తాళంచెవి తీసి, చేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు సర్వర్ ఆపితే, ఆయన చల్లపల్లి చేరేసరికి రొయ్యలు చచ్చి తేలిపోతాయి.

మెట్ల మీద నుంచి హర్ష, ఆ దొంగ రెండో కంటెయినర్‌లోకీ దూరాడన్నాడు. ఆపకపోతే ఎవరి మోటారు ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆపితే ఈ ఒక్క చెరువు పోతుంది. సుస్మిత గన్నవరంలో ఉన్న కనకలక్ష్మికి ఫోన్ కలిపింది. ఫంక్షన్ మైకు హోరులో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"మీ షెడ్డు తాళం పగలగొట్టాలండీ. దగ్గర్లో ఉన్నది జాన్‌బాబు గారొక్కరే."

చెరువు మురుగు నీళ్లు వదిలే దగ్గర గొడవై, అవతలి చెరువు జాన్‌బాబుకూ కనకలక్ష్మికీ కిందటేటి నుంచి మాటల్లేవు.

"నువ్వు చెప్పొద్దులేమ్మా. అడగాల్సింది నేను," అని కనకలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

తర్వాత జాన్‌బాబే ఫోన్ చేశాడు. గునపం ఇనుముకు తగిలిన చప్పుడు, తలుపు కిర్రుమనడం, తిట్టు ఒకటి వినిపించాయి. మీట ఎటు తిప్పాలో సుస్మిత చెప్పింది. మోటార్లు ఒక్క క్షణం ఆగి మళ్లీ నీళ్లు చిమ్మిన శబ్దం విన్నాక హర్షకు చెయ్యి ఊపింది. అతను పైకి పరిగెత్తి సర్వర్‌ను ఆపేశాడు.

మధ్యాహ్నమంతా పాత గదుల్లో ఒక్కదాన్నీ బాగుచేయడానికి చూడకుండా అన్నిటినీ చెరిపేశారు. లోపాలు సరిచేసిన భాగాలతో కొత్త అచ్చు పోసి, పరీక్షించాకే వాడారు. ప్రతి గదికీ దాని చెరువుకు అవసరమైనంత అధికారమే ఇచ్చారు. పెద్ద తాళంచెవి తీసేశారు. పాస్‌వర్డులన్నీ మార్చారు. ఇకమీదట పక్క చెరువు మోటారు ముట్టుకోవాలంటే ఆ చెరువు రైతు ఫలానా వాళ్లకని పేరు చెప్పి ఒప్పుకోవాలి, అదీ కొన్నాళ్లకే. వచ్చినవాడు ఏమేం చూశాడో, ఏం పట్టుకుపోయాడో మాత్రం ఇద్దరికీ తెలియదు.

బసవపున్నయ్య ఫోన్లో కనకలక్ష్మి చెరువు మాయమైంది. పరాయివాణ్ణి చేశారని కాసేపు సణిగి, కనకలక్ష్మికి ఏం చెప్పాలో అడక్కుండానే చల్లపల్లి బస్సెక్కాడు.

పొద్దు వాలుతుండగా చెరువులు ఒక్కొక్కటే మళ్లీ తెర మీదకు వచ్చాయి. కనకలక్ష్మి గన్నవరం నుంచి బయల్దేరాననీ, దారిలో ఉన్నాననీ ఫోన్ చేసింది. జాన్‌బాబు ఇంకా గట్టు మీదే ఉన్నాడట.

"ఇప్పుడు నా చెరువు ఎవరి చేతిలో ఉందమ్మా?"

"ఇప్పటికి మాన్యువల్‌లోనే ఉంది. మీరు ఊఁ అంటే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తామండీ. మీరు తప్ప ఇంకెవరూ తెరవలేరు."

"పొద్దున కూడా నేననుకున్నది అదే."

సుస్మిత మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"నేనెళ్లి నీళ్లు చూసేదాకా దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టకు. ఆ తర్వాత సంగతి తర్వాత," అంది కనకలక్ష్మి.

ఇంటికి వెళ్లమని హర్ష రెండుసార్లు చెప్పాడు. సుస్మిత కనకలక్ష్మి కబురు కోసం ఫోన్ ఎదురుగా పెట్టుకుని అక్కడే కూర్చుంది.