మట్టలు కొట్టని చెట్టు

సుష్మకు కుదురు లేదు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇక సముద్రంలో వాయుగుండం పడిందని తెలిసిందా, ఆమెను పట్టి ఒకచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. పలాసలో ఆమెకో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పేరంటాలు తీసి పొట్ట పోసుకుంటుంది. తుపాను వస్తోందంటే మాత్రం షట్టరు దించేసి, కెమెరా సంచీకి ప్లాస్టిక్ కవరు తొడిగి, స్కూటీ ఎక్కేస్తుంది.

పదేళ్లలో ఎన్ని తుపాన్ల వెంట పడిందో! విరిగిన స్తంభాలు, ఎగిరిపోయిన రేకులు, మునిగిన చేలు, అన్నీ తీసింది. ఏం లాభం, అవన్నీ గాలి వెళ్లిపోయాక తీసినవే. గాలి ఉండగా తీసినవాటిలో తెల్లటి వాన తప్ప ఇంకేమీ లేదు. గాలికి ఫోటో ఉండదు కదా, గాలి పట్టుకున్నదానికే ఉంటుంది. ఆ పట్టుకున్నదేదో నిండుగా ఉండాలి, ఒంటరిగా ఉండాలి, దాని వెనక ఆకాశం ఖాళీగా ఉండాలి.

అలాంటిది ఒకటి ఉంది. ఉద్దానంలో, వాళ్ల సొంత తోటలోనే. ఏడేళ్ల కిందట తిత్లీ తుపానుకు నలభై చెట్లు పడిపోగా మిగిలిన ఒకే ఒక్క కొబ్బరిచెట్టు. అప్పటికే కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతున్న తండ్రి వైకుంఠరావు, ఆ చెట్టు నీడలోనే మంచం వేయించుకున్నాడు. దాని కాయల్నే మొలక కట్టించి తోటంతా మళ్లీ వేయించాడు. ఆ మొక్కలు కాపుకు రాకముందే కన్నుమూశాడు.

ఈసారి తుపాను తమవైపే వస్తోందని తెలిసి సుష్మ ముందురోజే తోటకు చేరింది. తుపాను కబురు వస్తే ఉద్దానంలో చేసే పని ఒకటే. కాయ దింపించి, కింది మట్టలన్నీ కొట్టించేస్తారు. తల తేలికైన చెట్టు గాలికి వంగి మళ్లీ లేస్తుంది. తల బరువైతే వేళ్లతో సహా వచ్చేస్తుంది. అందుకే మర్నాడు పొద్దున చెట్లెక్కే బంగారయ్యకు ఉన్న గిరాకీ ఎమ్మెల్యేకు కూడా లేదు. సుష్మ తల్లి అప్పలమ్మ అతన్ని బతిమాలి తీసుకొచ్చింది. లేత చెట్లన్నీ బోడిచేసి అతను పెద్దచెట్టు వైపు నడుస్తుంటే సుష్మ అడ్డం వచ్చింది.

"మావా, దాన్నొగ్గేయ్."

"ఒగ్గీడమేటి పాపా? గెలలు సూడు ఎలాగున్నాయో. గాలికి ఆగదది."

"తిత్లీకి ఆగింది కదా."

"అప్పుడు మీ నాన్న దగ్గరుండి మట్టలు కొట్టించాడు. అదొక్కటీ కొట్టీసరికి వానొచ్చీసింది. మరి దేనికీ ఎక్కనేకపోనాం."

సుష్మ ఆ మాట విన్నది. విని కూడా విననట్టే ఊరుకుంది. నిండుగా గాలి పోసుకున్న ఆ చెట్టు అప్పటికే ఆమె కళ్లలో ఫోటో అయిపోయింది.

"అమ్మకు సెప్పకు మావా," అని స్కూటీ తీసింది.

బారువ సముద్రపు ఒడ్డున జాలర్లు పడవల్ని ఇసుక మీద పైకి లాగుతున్నారు. మబ్బు కాటుకలా దిగుతోంది. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేది. ఇవాళ నాలుగు ఫోటోలు తీసింది, నాలుగూ చెరిపేసింది. లెన్స్ మార్చింది. టీ తెప్పించుకుని తాగకుండా పారబోసింది. మధ్యాహ్నం ఫోనులో చూస్తే తుపాను అనుకున్నదానికంటే ముందే వచ్చేస్తోంది. బంగారయ్యకు ఫోన్ చేసింది.

"మావా, పెద్దచెట్టు కూడా కొట్టేయ్. ఇప్పుడే ఎల్లు."

"ఇప్పుడెక్కితే నన్ను కిందికి దించడానికి నలుగురు కావాల. గాలి లేసీసింది పాపా."

అతన్నింకేమంటుంది? చావమని ఎలా చెబుతుంది? స్కూటీని గాలి పక్కకి తోసేస్తుంటే పళ్లు బిగించుకుని తోటకు వచ్చి పడింది. అప్పలమ్మ అప్పటికే తోట పక్కనున్న పొరుగువాళ్లు, ధనుంజయ్ వాళ్ల శ్లాబింట్లో కూర్చుని ఉంది. సుష్మ కూడా అక్కడికే చేరింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా అదే చెట్టు.

సాయంత్రం అయిదవుతుండగా గాలి దాన్ని పట్టుకుంది. మట్టలన్నీ ఒక్క వైపుకే, విరబోసుకున్న జుట్టులా, ఎగిరాయి. పదేళ్లుగా ఆమె వెతుకుతున్నది అదే. తప్పు చేశానని మనసు పీకుతూనే ఉన్నా, సంతోషం మాత్రం ఆగలేదు. తీసింది, తీస్తూనే ఉంది. ఇంతలో గాలి ఒక్క క్షణం ఆగి, ఎదురువైపు నుంచి కొట్టింది. చెట్టు మొదట్లో మట్టి లేచింది. చెట్టు పడిపోతున్నా ఆమె వేలు మీట మీంచి లేవలేదు.

తెల్లారింది. బోడితలల లేత చెట్లు ఒక్కటీ పోలేదు. అప్పలమ్మ పడిన చెట్టు దగ్గర వంగి, గెలల్లోంచి ముదురు కాయలు ఏరుతోంది. మొలకకు పనికొచ్చేవి. సుష్మ వెళ్లి పక్కన కూలబడింది.

"అమ్మా, దీన్ని కొట్టొద్దని బంగారయ్య మావకు నేనే సెప్పాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వలా ఎల్లగానే. కత్తి పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, కొట్టీమంటావా, ఒగ్గీమంటావా అని."

"మరి కొట్టించనేకపోయావా?" సుష్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పలమ్మ కాయ ఒకటి చెవి దగ్గర ఊపి చూసి పక్కన పెట్టింది. "నన్నడిగుంటే కొట్టించీదాన్నే. నువ్వు అడక్కుండా దాసావు. మీ నాన్న సెట్టని తెలిసీ దాసావంటే, ఆ ఫోటో కోసం ఎంత కొట్టుకుంటన్నావో అనిపించింది. మరింక కొట్టీమనడానికి నోరు రానేదు."

సుష్మ మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. కాసేపు ఏడవనిచ్చి, అప్పలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏదీ, సూపించు."

సుష్మ కెమెరా ఆమె ముందు పెట్టింది. చిన్న తెర మీద, నల్లటి ఆకాశం ముందు, గాలి మొత్తాన్నీ తల మీద మోస్తూ చెట్టు. అప్పలమ్మ చాలాసేపు చూసింది.

"ఇందులో ఇంకా నిలబడే ఉంది," అంది. సుష్మ వేలు మీట మీదకు వెళ్లబోతుంటే పట్టుకుని ఆపింది. "తరవాతది సూపించకే."