స్కూటర్ బోల్టులు, మక్క బెండ్లు

గోదావరిఖని బస్టాండు వెనక సందులో రాజకుమారికి పాత బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. పనంతా ఆమె, మరిది వీరేందర్ కలిసే చేసుకుంటారు. ఆ వేసవిలో వాళ్లిద్దరూ ఒక యంత్రం తయారుచేశారు. ఇనుప డ్రమ్ముకు లోపల రబ్బరు అతికించి, పాత వాషింగ్ మిషన్ మోటారుతో తిప్పడమే దాని కిటుకు. తుప్పుపట్టిన సామాను, రాపిడికి రాళ్లూ, కొంచెం ద్రవమూ వేసి మూత బిగిస్తే, దొర్లి దొర్లి తుప్పు రాలిపోవాలి. ఏ రాళ్లు, ఏ ద్రవం అన్న దగ్గరే వదినామరుదులకు పొసగలేదు.

అంతలో గని కార్మికుడు లింగమూర్తి తన పాత స్కూటర్ నెట్టుకుంటూ వచ్చాడు.

“నెలాఖరుకు దిగిపోతున్న బిడ్డా. ఆఖరి డ్యూటీ చేసి గేటు కాడి నుంచి దీని మీదనే పోవాలె. ఎనక మా ఇంటామె పూలమ్మ కూసుంటది. మాటిచ్చిన.”

“ఫికర్ చెయ్యకు కాకా,” అంది రాజకుమారి.

బండి విప్పితే గంపెడు నట్లూ బోల్టులూ తేలాయి, అన్నీ తుప్పే. వీరేందర్ పెట్రోలు డబ్బా ఎత్తాడు.

“ఇది పోద్దాం వదినె. జల్ది మెరుస్తయ్.”

“మూత బిగించిన డ్రమ్ములనా? ఇనుముకు ఇనుము కొట్టుకుంటది. ఒక్క రవ్వ లేస్తే షెడ్డు ఉంటదా?”

బల్ల మీద కూర్చున్న లింగమూర్తి గబుక్కున లేచి నిలబడ్డాడు. “గాలాడని కాడ గ్యాసు జమైతే ఏమైతదో మాకెరుక కొడుకా. నా బండి మెరవకున్నా మంచిదే!”

వీరేందర్ నవ్వుతూ డబ్బా దూరంగా పెట్టి వచ్చాడు. జిడ్డును ఆరుబయటే బ్రష్షుతో డీజిల్ పెట్టి కడిగి, డ్రమ్ములోకి సబ్బునీళ్లు పోయడానికి ఒప్పందం కుదిరింది. ఇక రాళ్లు. పక్క సందులో ఎవరో ఇల్లు కడుతుంటే వీరేందర్ అక్కడి నుంచి సన్న కంకర తెచ్చాడు. రాజకుమారి ముందుగా పనికిరాని నట్లూ బోల్టులే వేసి చూసింది. తుప్పు పోయింది, దాంతోపాటు బోల్టుల మరచుట్లూ అరిగాయి. నట్ల కన్నాల్లో రాళ్లు ఇరుక్కున్నాయి.

“ఇది పండ్ల డాక్టరు పనైంది వదినె,” అంటూ వీరేందర్ సాయంత్రమంతా మేకుతో రాళ్లు పీకాడు.

ఆమె హైదరాబాద్‌లో ఇలాంటి సామాను అమ్మే దుకాణానికి ఫోన్ చేసి, ఏ కన్నంలోనూ దూరనంత పెద్ద పింగాణీ ముక్కలు బస్సు పార్సిల్‌లో తెప్పించింది. ఈసారి బోల్టులు వెండిలా బయటికొచ్చాయి. వాటిని గుడ్డ మీద ఆరబోసి ఇద్దరూ అన్నానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి అన్నిటికీ పసుపు పూసినట్టుంది. తడికి మళ్లీ తుప్పెక్కింది! నెలాఖరు దగ్గర పడుతోంది.

రాజకుమారి మళ్లీ ఆ దుకాణానికే ఫోన్ చేసింది.

“కడగంగనే పొడిపొట్టుల వెయ్యాలమ్మా. మక్క బెండ్ల నూక అయితే మంచిది. స్టాకు లేదు, వారమైతది,” అన్నాడు దుకాణదారు.

రాజకుమారి నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేసింది. కమాన్‌పూర్‌లో ఆమె పుట్టింటి పెరట్లో మొక్కజొన్న గింజలు ఒలిచేసిన మక్క బెండ్లు కుప్ప పడి ఉన్నాయి, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావు. మర్నాడే షేర్ ఆటోలో బస్తాడు తెచ్చింది. పిండిమరవాడు ఇవి తన మరలో పట్టనని చేతులు జోడించేశాడు. వదినామరుదులు రోకలితో దంచారు, ముక్కుల నిండా దుమ్ము. బోల్టులు సబ్బునీళ్లలో మరోసారి దొర్లించి, తీసిన వెంటనే పొట్టులో వేసి, చెంచాడు మిషన్ ఆయిల్ చిలకరించి తిప్పారు. పొడిపొడిగా, నిగనిగలాడుతూ వచ్చాయి. సాయంత్రానికీ మరక పడలేదు. పొద్దున్నే చూసినా అంతే.

నెలాఖరున గని గేటు దగ్గర లింగమూర్తి మెడ నిండా దండలు. రెండో కిక్కుకే స్కూటర్ అందుకుంది. పూలమ్మ కొంగు దోపుకొని వెనక కూర్చుంది.

“మెరుపులు సరే, సీటేంది బండరాయి లెక్కున్నది?”

“దిగుతవా మరి?”

“పోనీ, పోనీ!”

రాజకుమారి తన బండి మీద కొంతదూరం వెనకే వెళ్లింది. వాళ్లిల్లున్న గని క్వార్టర్లకు తిరగాల్సిన మలుపు వచ్చింది. స్కూటర్ తిరగలేదు. పూలమ్మ మలుపు వైపు చెయ్యి చూపి ఏదో గట్టిగా అంటోంది, లింగమూర్తి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇద్దరూ తిన్నగా గోదావరి వంతెన వైపు సాగిపోయారు.