ఏడుగురూ ఎక్కారు

ఎదురు మేడ మీదావిడ అందట, అదృష్టమంటే ఆ మందుల షాపావిడదేననీ, నెల తిరిగేసరికి మొగుడు వ్యాను కట్టించి సముద్రానికి తీసుకుపోతాడనీ, తనను మాత్రం కట్టుకున్నవాడు సందు చివరి దాకా తీసుకెళ్ళిన పాపాన పోలేదనీ. అన్నది కుట్టుమిషనావిడతో. కుట్టుమిషనావిడ ఆ మాటను బట్టల కొలతలతో పాటు మరో ఇద్దరి చెవిన వేసి, చివరికి తలనొప్పి మాత్రల కోసం వచ్చినప్పుడు కౌంటరు ఇవతల నిలబడి ఆ అదృష్టవంతురాలికే అప్పజెప్పింది. జనం కళ్ళు మంచివి కావమ్మా, జాగ్రత్త అని ఒక ముక్క సొంతంగా కలిపింది కూడా. ఆమె నవ్వి, మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చి, కౌంటరు వెనక ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది.

ఆ షాపులో అమ్మేవాళ్ళకి కుర్చీ లేదు. కూర్చుని మందులిస్తే కొనేవాళ్ళకి చులకనగా ఉంటుందని ఓనరు సిద్ధాంతం. ఎనిమిది గంటలు నిలబడి నిలబడి ఆమె పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచాయి. సెలవు రోజైనా కాళ్ళు ఎత్తి పెట్టుకుని కూర్చో, లేకపోతే ఆపరేషన్ దాకా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే మాస్టారు, అంటే ఆమె భర్త, హైస్కూల్లో సైన్సు చెబుతాడు, "అందుకేగా నెలనెలా అందరం సముద్రానికి పోతోంది. అది విశ్రాంతి కాకపోతే మరేమిటి?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అలా అనుకుంటాడు. ఆమెకు కొరుకుడు పడనిదీ అదే. వెటకారమైతే తిరిగి ఒక మాట అని కడుపుబ్బరం తీర్చుకోవచ్చు. మంచి మనసుతో అన్న మాటకి ఎటు తిరిగి జవాబు చెప్పాలో పదకొండేళ్ళ కాపురంలో ఆమెకు తెలిసిరాలేదు.

సముద్రానికి పోవడం మామగారు పెట్టిన ఆనవాయితీ. ఆయన బస్సు కండక్టరు. బతుకంతా ఊరి జనాన్ని ఊళ్ళు దాటించిన మనిషి, తన వాళ్ళని మాత్రం ఎక్కడికీ తీసుకెళ్ళలేదన్న దిగులుతో, నెలకో శనివారం డ్యూటీ మార్చుకుని పెళ్ళాం పిల్లల్ని ఒడ్డునున్న అద్దె ఇంటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. అందరం కలిసి వెళ్ళాలి, అందరం ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, తిండి పొయ్యి మీది నుంచి తిన్నగా కంచంలోకి రావాలి. ఇవీ ఆయన షరతులు. మూడో షరతు ఉన్నంతకాలం రెండోది ఎవరో ఒకరికి వర్తించదన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది. కొడుకులిద్దరూ నాన్న పేరు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూ ఆ మూడు షరతులూ తు.చ. తప్పకుండా నడుపుతున్నారు.

నడుపుతున్నారంటే వ్యాను నడుపుతున్నారని. మిగతాది ఆమె నడుపుతుంది. గురువారం సరుకుల జాబితా. శుక్రవారం షాపు నుంచి వచ్చి మసాలా నూరి సీసాలకెత్తడం, దుప్పట్లు మూట కట్టడం, అత్తగారి మందులు, పిల్లల ఈత బట్టలు, మరిదికి ఆ అద్దె ఇంటి దిండ్లు పడవు కాబట్టి ఆయన దిండు. శనివారం దిగీ దిగగానే ఇల్లు ఊడ్చి పొయ్యి వెలిగించడం. అందరూ నీళ్ళలో ఆడి, ఆవురావురుమంటూ బల్ల చుట్టూ చేరేసరికి ఆమె పెనం ముందు ఉంటుంది. "వదిన చేతిలో ఏదో ఉంది" అంటాడు మరిది, చేప వేపుడు నాలుగో ముక్క అందుకుంటూ. ఆ నిమిషానికి వదిన చేతిలో ఉన్నది అట్లకాడ. "అక్కా, నీ అంత బాగా నేనెక్కడ చేయగలను" అంటుంది తోటికోడలు. చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి సాయం చేయబోతే ఆమే వద్దంటుంది, పిల్ల మీద నూనె చిందుతుందని. అత్తగారు మాత్రం మెచ్చుకోదు. మా రోజుల్లో గ్యాసు కూడా లేదు, కట్టెలు ఊదుకుంటూ చేశాం అంటుంది, సముద్రం వైపు చూస్తూ. అందరూ లేచాక ఆమె కూర్చుంటుంది. అప్పటికి తోకముక్కలు ఉంటాయి. "నీకు తోకముక్కే ఇష్టం కదూ" అన్నాడు ఒకసారి మాస్టారు ప్రేమగా. పదకొండేళ్ళలో అదొక నిజమైపోయింది. ఆడపిల్ల బడిలో "మా కుటుంబం" అని వ్యాసం రాస్తే అందులో కూడా రాసింది, మా అమ్మకి తోకముక్క ఇష్టం అని.

మామగారి నుంచి ఆమెకి దక్కిన ఆస్తి ఇంకొకటి ఉంది, లెక్క. బండి కదిలే ముందు తలలు లెక్కపెట్టడం ఆయన వృత్తిలో అలవాటు. కండక్టరు తనను తాను లెక్కలో వేసుకోడు. ఆయన పోయాక ఆ పని ఎవరూ చెప్పకుండానే పెద్దకోడలి మీద పడింది. వ్యాను గుమ్మం దగ్గర నిలబడి అత్తగారు, మాస్టారు, తన పిల్లలిద్దరు, మరిది, తోటికోడలు, చంటిది అని వేళ్ళు ముడిచి "ఏడుగురూ ఎక్కారు, రైట్" అని, తర్వాత తాను ఎక్కేది. అలా ఆ ఇంటి లెక్క ఏడుగా స్థిరపడిపోయింది. అద్దె ఇంటాయన ఎంతమంది వస్తారని ఫోన్లో అడిగినా మాస్టారు ఏడుగురం అనే చెప్పేవాడు.

పోయిన నెల ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేటప్పుడు మరిదికి వదిన మీద జాలి కలిగింది. నువ్వు సర్దుకో వదినా, లెక్క నేను చూస్తానన్నాడు. ఆమె దారిలో తినే క్యారేజీ పట్టుకుని, గ్యాసు కట్టేశానో లేదోనని వంటింట్లోకి వెళ్ళింది. మరిది వ్యానులో నిలబడి అందరినీ లెక్కపెట్టి, తన తల కూడా కలుపుకుని, ఏడు రాగానే "రైట్ రైట్" అని తండ్రి గొంతుతో కేకేశాడు. అందరూ నవ్వారు. మాస్టారు గేరు వేశాడు.

ఆమె బయటికి వచ్చేసరికి దుమ్ము ఉంది, వ్యాను లేదు. మలుపు తిరగగానే ఆపుతారులే అనుకుని గేటు దగ్గర నిలబడింది. ఫోను వ్యానులో, దుప్పట్ల మూట మీద ఉన్న సంచిలో ఉంది. ఇప్పుడు చూసుకుని ఉంటారు, ఇదిగో ఇప్పుడు అనుకుంటూ పావుగంట నిలబడింది. నిలబడడం ఆమెకి కొత్త కాదు కదా. ఎండ నెత్తిన కొట్టాక లోపలికి వచ్చింది. ఖాళీ ఇంట్లో సముద్రపు హోరు ఒక్కటే ఉంది. బల్ల దగ్గర ఎప్పుడూ ఎనిమిది కుర్చీలుండేవని, ఎనిమిదోదాని మీద సంచులు పెట్టుకునేవాళ్ళని ఆమెకప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు కనిపించే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంకో కుర్చీ జరుపుకుని కాళ్ళు దాని మీద పెట్టింది. నరాల్లో నిలిచిపోయిన నెత్తురంతా మెల్లగా వెనక్కి నడుస్తున్నట్టు జివ్వుమంది. క్యారేజీ విప్పింది. పైగిన్నెలో మధ్యముక్కలున్నాయి, ఇంకా వెచ్చగానే. ఒకటి తిని, కాసేపు ఊరుకుని, ఇంకొకటి తింది. బాగుంది. ఇంతకాలం వాళ్ళంతా లొట్టలు వేసింది మొహమాటానికి కాదన్నమాట. ఒకటే ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. దానికి బదులు వచ్చిన ఆలోచన ఆమెను భయపెట్టింది. చెవులు రిక్కించి వింటున్నది వ్యాను చప్పుడు కోసం కాదు, అది ఇంకా రావడం లేదని రూఢి చేసుకోవడానికి. పిల్లలు అందులో ఉన్నారు. ఉన్నా సరే, ఇంకొక గంట, ఇంకొక్క గంట అని లోపల ఎవరో బతిమాలుతున్నారు. తల్లినై ఉండి ఏమిటీ బుద్ధి అని తనను తాను తిట్టుకుంది, తిట్టుకుంటూనే కాళ్ళు మాత్రం దించలేదు.

రెండు గంటల పైచిలుకు తర్వాత వ్యాను వచ్చింది. దారిలో పిల్లవాడు ఆకలి అన్నాడట. క్యారేజీ ఏదని వెతికితే కనబడలేదట. క్యారేజీ ఎవరి దగ్గర ఉందని అడుగుతూ అడుగుతూ పోతే తేలిందట, అది పట్టుకున్న మనిషే లేదని. ఆడపిల్ల, అమ్మ ముందు సీట్లో ఉందనుకున్నానంది. మాస్టారు వెనక సీట్లో ఉందనుకున్నాడు. ఆయన మొహం నిజంగానే పాలిపోయి ఉంది. "అరవొచ్చు కదా, పరుగెత్తుకు రావొచ్చు కదా" అన్నాడు. కసురుకున్నాడో కంగారు పడ్డాడో ఆయనకే తెలియదు. మరిది తేలిక చేయబోయాడు, "క్యారేజీ మర్చిపోయామని వెనక్కొస్తే నువ్వు కూడా ఇక్కడే ఉన్నావేంటి వదినా" అని. అందరూ ఊపిరి తీసుకుని నవ్వారు. అత్తగారు ఒక్కతే దిగి ఇంట్లోకి వచ్చింది. రెండు గిన్నెలు ఖాళీ అయిన క్యారేజీని చూసింది. "తిన్నావా?" అంది. అంతే, వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

ఆ నెలంతా అది ఇంట్లో జోకు. మరిది తన ఆఫీసులో చెప్పాడు, మాస్టారు స్టాఫ్ రూములో చెప్పాడు. కుట్టుమిషనావిడ దాకా వెళ్ళి, నిన్ను మర్చిపోయారటగా అని నవ్వుతూ కౌంటరు దగ్గరికి కూడా వచ్చింది. చెప్పిన ప్రతిసారీ కథలో క్యారేజీ పెద్దదైంది, ఆమె చిన్నదైంది.

మళ్ళీ గురువారం వచ్చింది. సాయంత్రం రెండు వీధుల అవతల నుంచి మరిదీ తోటికోడలూ టీకి వచ్చారు. అత్తగారు బల్ల దగ్గర బఠాణీలు వలుస్తోంది. మాస్టారు కాగితమూ పెన్నూ ఆమె ముందుకు జరిపాడు, జాబితా రాయమని. ఆమె పెన్ను తీసుకోలేదు.

"ఈసారి నేను రావడం లేదు. మీరు వెళ్ళిరండి" అంది.

"భయపడకు వదినా. ఈసారి ముందు నిన్ను ఎక్కించి, తర్వాతే క్యారేజీ ఎక్కిస్తాం" అన్నాడు మరిది. ఎవరూ నవ్వకపోయేసరికి టీ ఊదుకున్నాడు.

మాస్టారు, అలిగావా అని అడిగాడు. అలగలేదంది. మరెందుకని అడిగాడు. రెండు రోజులు కాళ్ళు ఎత్తి పెట్టుకుని కూర్చుంటానంది. అక్కడ కూర్చోవచ్చుగా అన్నాడాయన. ఆమె ఆయన వంక చూసింది. ఆ చూపు ఆయనకి పూర్తిగా అర్థం కాలేదు గానీ, ఇంకోసారి ఆ మాట అనకూడదని మాత్రం తెలిసింది. ఇంటిల్లిపాదీ పోతుంటే ఒక్కదానివీ మిగిలిపోతే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. నాన్న పెట్టిన ఆనవాయితీ అన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క నెల తప్పలేదన్నాడు. అని, ఏం తోచక, తలతిప్పి తోటికోడలి వైపు చూశాడు. మరిదీ అటే చూశాడు. ఆ పిల్ల ఒళ్ళో చంటిదాన్ని గట్టిగా పట్టుకుంది. "నాకు చేపలు బాగు చేయడం రాదు బావగారూ" అంది, వినబడీ వినబడకుండా.

"అదెంతలో పని, మీ అక్క నేర్పుతుంది" అన్నాడు మాస్టారు.

"నేను నేర్పను" అంది ఆమె. అంత నెమ్మదిగా అన్న మాట అంత గట్టిగా వినబడుతుందని ఆమె కూడా అనుకోలేదు. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

మాస్టారికి ఇక తల్లే దిక్కయింది. "నువ్వైనా చెప్పమ్మా. ఇరవై ఏళ్ళకి పైగా నువ్వు చేయలేదూ? ఒక్కనాడైనా మొహం ముడుచుకున్నావా? ఎప్పుడో ఒక్కసారి పొరపాటున మర్చిపోయామని ఇంత పట్టుదలా?"

అత్తగారు బఠాణీ కాయ గోటితో చీల్చి, గింజలు గిన్నెలో రాల్చి, తొక్క పక్కన పెట్టి అంది.

"మర్చిపోయింది మీరు. ఇది వ్యాను ఎక్కలేదని నేను చూశాను. చూసే నోరు మూసుకున్నాను. నన్నూ అలాగే ఒక్క పూట వదిలేసి పోతారేమోనని ఇరవై ఏళ్ళు చూశాన్రా, నేను ఎక్కందే మీ నాన్న ఒక్కసారీ బండి పోనివ్వలేదు."