గాలి నిండేదాకా

ఆ వీధి పై కొసన పెద్ద గిడ్డంగి, కింది కొసన మెయిన్ రోడ్డు. మధ్యలో ఉన్నదంతా ఏటవాలు. సరుకు దించాల్సిన లారీలన్నీ ఆ ఏటవాలులోనే ఒకదాని వెనక ఒకటి బారు తీరేవి. ఒక్కటీ ఇంజను ఆపేది కాదు. ఆపితే, ముందు బండి కదిలాక తాను కదిలేలోపు వెనకవాడు సందులో దూరిపోతాడని ప్రతి డ్రైవరుకీ బెంగ. వాళ్ళ బెంగకి వీధి జనం తమ ఊపిరితిత్తుల్ని ఉత్తపుణ్యానికి అద్దెకిచ్చారు. పిల్లలు దగ్గుతూ లేచేవాళ్ళు, ముసలివాళ్ళు దగ్గుతూ పడుకునేవాళ్ళు.

వీధి మధ్యలో ఒక ఇస్త్రీ కొట్టు ఉంది. దాన్ని నడిపే మనిషిని అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. ఆ పొగ మీద ఆమెకి సొంత పగ ఉండేది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి ఇటు తిరిగేలోపు కాలరు మీద మసి. మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఆరెయ్యి, మళ్ళీ ఇస్త్రీ. "నేను బట్టలకి ఇస్త్రీ చేస్తున్నానా, మసికి చేస్తున్నానా?" అని ఆమె రోజూ లారీలకి వినపడేట్టు అరిచేది. లారీల చప్పుడులో ఆ అరుపు ఆమె చెవికే సరిగ్గా చేరేది కాదు.

ఆమెకి ఒకే తమ్ముడు. ముక్కు మీద కోపం ఉన్నవాడు కాబట్టి వీధి వాడికి పిడుగు అని పేరు పెట్టింది. పనిచేసే చోట మేస్త్రీతో మాటా మాటా పెరిగి, వాడి పళ్ళు రాలగొట్టి జైలుకెళ్ళి వచ్చాడు. ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యి పడితే మాత్రం ఏళ్ళ తరబడి లోపలే అని పోలీసులు తేల్చి చెప్పారు. అక్క వాడి చేత ఒట్టు వేయించుకుంది. అయినా నమ్మకం కుదరలేదు. వాడు గొంతు పెంచితే చాలు ఆమె గుండె గుభేలుమనేది, నోటికి అలవాటైన తిట్టు దానంతటదే బయటికొచ్చేది. "చెయ్యెత్తావంటే చూడు, నీ చేతులు పడిపోను!" వాడు నవ్వి చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు.

వాడికి జామీను ఇచ్చింది ఎదురింటి మేడ మీద ఉండే డ్రిల్లు మాస్టారు. అమ్మానాన్నా పోయాక ఆ ఇద్దర్నీ కనిపెట్టుకుని ఉన్నదీ ఆయనే. బడిలో ఉద్యోగం మానినా మెళ్ళో విజిల్ మానలేదు. లారీల సంగతి కూడా ఆయనే తలకెత్తుకున్నాడు.

"ఆపండి ఆపండి అని అరుస్తున్నారు గానీ, వాళ్ళెందుకు ఆపరో ఎవరైనా అడిగారా?" అని వీధి జనాన్ని కూర్చోబెట్టి చివాట్లు పెట్టాడు. "వరస పోతుందని వాళ్ళ భయం. ఆ వరసని మనం కాపాడదాం."

ఏర్పాటు చాలా సులువు. లారీ రాగానే డ్రైవరు ఇంజను ఆపి, తాళం చెవి ఇస్త్రీ కొట్లో ఇవ్వాలి. అక్క దాన్ని గోడ మీది మేకులకి వరసగా తగిలిస్తుంది. గిడ్డంగి గేటు దగ్గర పిడుగు ఉంటాడు. లోపలి బండి బయటికి రాగానే వాడు విజిల్ వేస్తాడు, అక్క మొదటి మేకు మీది తాళం ఇస్తుంది. తాళం గోడకి వేలాడుతుంటే వరస ఎవడు దాటగలడు? మాట విననివాడి బండి ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు కంచాలూ గరిటెలూ తెచ్చి, ఇంజను ఆగేదాకా వాడి చెవుల దగ్గర మోగించాలి. తిట్టకూడదు, తాకకూడదు. అది మాస్టారి షరతు.

డ్రైవర్లు మొదట నవ్వారు. తర్వాత సాకులు చెప్పారు. బ్యాటరీ వీకన్నాడొకడు. సెల్ఫ్ పోయింది, ఆపితే మీరే తొయ్యాలన్నాడు ఇంకొకడు. ఇంజనుకి జలుబు చేస్తుందన్నవాడు కూడా ఉన్నాడు. కంచాల మోత మొదలయ్యేసరికి అన్ని బ్యాటరీలూ బాగుపడ్డాయి. ఆ సాకుల్ని ఒకరికొకరు చెప్పుకుని వీధి పగలబడి నవ్వేది. వీధి నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో! అక్క కొట్లో తెల్ల చొక్కాలు తెల్లగా ఉండటం మొదలుపెట్టాయి. పిడుగు కూడా మారాడు. డ్రైవర్లని అన్నా, బాబాయ్ అని పిలిచేవాడు, బండి కిందకి వంగి చూసి ఏ చప్పుడు దేనిదో అడిగేవాడు. "వీడు దారిలో పడ్డాడు మాస్టారూ" అని అక్క మురిసిపోయేది.

అలాంటి రోజుల్లో ఎర్ర లారీవాడు వచ్చాడు. ఇంజను ఆపనన్నాడు. మాస్టారు కంచం పట్టుకుని వాడి కిటికీ కింద నిలబడ్డాడు. వాడు దిగాడు, సీటు కింది నుంచి ఇనపరాడ్ తీశాడు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆయన ముఖం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు కొట్టు లోపలికి వినిపించింది. కిందపడ్డ మనిషిని వాడు ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ కొట్టాడు. గేటు నుంచి పిడుగు పరుగెత్తుకొచ్చాడు. అక్క ఎదురెళ్ళి తమ్ముడి నడుముని రెండు చేతులా చుట్టేసి, వేలాడిపోయింది. "నన్ను చంపి వెళ్ళరా, చంపి వెళ్ళు!" వాడు పళ్ళు పటపటా కొరికాడు, కానీ అక్కని విదిలించుకోలేదు. ఈ సందట్లో ఎర్ర లారీ వెళ్ళిపోయింది. పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, టీ తాగి వెళ్ళారు.

మాస్టారి దవడకి తీగలు కట్టి ఇంటికి పంపారు. మేడ మీద కిటికీ పక్క మంచం. మాట లేదు, గొట్టంతో తాగడమే. అక్క వెళ్ళి చూసి, ఆయన విజిల్ చేతిలోకి తీసుకుని, దాని మీద ఎండిన రక్తాన్ని కొంగుతో తుడిచింది. మెట్లు దిగేటప్పుడు ఆమెకి కన్నీళ్ళు రాలేదు. ఆ రోజు నుంచి ఆమె మంచి మనిషి కాదు, ఆ వీధిలో ఇంకెవరూ మంచివాళ్ళు కాదు.

కంచాలు పట్టుకున్న చేతులు రోకళ్ళు పట్టుకున్నాయి. ఒక డ్రైవరు కొంచెం ఆలస్యంగా తాళం ఇచ్చాడని అతని అద్దం పగలగొట్టారు. ఇంకొకడిని చొక్కా పట్టి దింపి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. "వద్దక్కా, మాస్టారు ఇలా చెప్పలేదు" అని పిడుగు అడ్డం పడబోతే, అందరూ వాడిని చూసి ఇకిలించారు. పిడుగు కూడా బుద్ధులు చెప్పేవాడయ్యాడా!

ఆ పొద్దున ఒక పాత లారీ మూలుగుతూ ఏటవాలు ఎక్కి, సరిగ్గా ఇస్త్రీ కొట్టు ముందు ఆగింది. నల్లటి పొగ తిన్నగా కొట్లోకి వచ్చి ఉతికిన బట్టల మీద కూర్చుంది. ఇంజను ఆగలేదు. స్టీరింగు వెనక ఒక ముసలి డ్రైవరు, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. పిడుగు ముందు వెళ్ళి కిటికీ దగ్గర ఏదో మాట్లాడాడు, వంగి చక్రాల మధ్య చెవిపెట్టి విన్నాడు. ఈలోపు జనం మూగారు. అక్క కంచం పట్టుకుని దిగింది.

"తాళం" అంది.

"ఆపలేనమ్మా" అన్నాడు ముసలాయన. "గాలి బ్రేకులు. ఎక్కడో లీకవుతోంది. ఇంజను నడుస్తుంటేనే గాలి నిండుతుంది, గాలుంటేనే బ్రేకు పడుతుంది. హ్యాండ్ బ్రేకు తెగిపోయింది. కాలు బ్రేకు మీదే పెట్టుకుని కూర్చున్నా. పైన చదునుకి వెళ్ళగానే ఆపేస్తా."

"ఇదొక కొత్తరకం!" అన్నారు వెనక ఎవరో. జనం నవ్వారు, కానీ అది పాత నవ్వు కాదు.

"అక్కా, ఇతను చెప్పేది..." అంటూ పిడుగు ఏదో అనబోయాడు. మోతలో ఎవరికీ వినపడలేదు. వాడు చుట్టూ చూసి, కొట్టు పక్క రోడ్డు పని కోసం పోసిన కుప్ప దగ్గరికి పరుగెత్తాడు. రెండు చేతులా ఒక పెద్ద రాయి ఎత్తాడు.

అక్క చూసింది. ఆ రాయి ఆ ముసలివాడి తల మీద పడుతుంది, తన తమ్ముడు జైల్లో ముసలివాడవుతాడు. ఆమెకి ఇంకేమీ కనిపించలేదు.

"పడెయ్యరా! పడెయ్, నీ చేతులు పడిపోను!"

వాడు పడెయ్యలేదు. రాయి పొట్టకి ఆనించుకుని లారీ వెనక నుంచి తిరిగాడు. అటువైపు తలుపు దగ్గరికే వెళ్తున్నాడు, అటునుంచి కొడతాడు, అనుకుంది. వాడు అటు చేరేలోపు ఈ ముసలివాణ్ణి ఇటునుంచి లాగేస్తే వాడికి కొట్టడానికి మనిషి దొరకడు. తమ్ముణ్ణి కాపాడుకోవాలన్న ఆత్రం, మాస్టారి రక్తం మీది కసి, ముఖం మీది నల్లపొగ, మూడూ కలిసి ఆమెని మెట్టు మీదికి ఎక్కించాయి. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం చెవి పెరికేసింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. ఈ రోజు మేకూ లేదు, వరసా లేదు. దాన్ని మురిక్కాలవలోకి విసిరికొట్టింది.

"కాలు బ్రేకు మీద ఉందమ్మా, లాగొద్దు! మీ కాళ్ళు పట్టుకుంటా, లాగొద్దు!" అని ముసలాయన స్టీరింగుని కరుచుకున్నాడు.

"దిగరా ముసలోడా! చచ్చిపోతావురా, దిగు!" కంచం అంచుతో అతని వేళ్ళ మీద కొట్టింది. వదల్లేదు. నుదుటి మీద కొట్టింది. చర్మం చిట్లి రక్తం కంట్లోకి కారింది. వెనక నుంచి ఇంకో నాలుగు చేతులు వచ్చి అతని చొక్కా, నడుము, మెడ పట్టుకున్నాయి. అందరూ కలిసి ఒక్క గుంజు గుంజారు. మనిషి రోడ్డు మీద పడ్డాడు. ఎవరో డొక్కలో తన్నారు. ఎవరో అరచెయ్యి తొక్కారు.

అక్క లారీ అవతలికి చూసింది. అటువైపు తలుపు దగ్గర ఎవరూ లేరు.

లారీ కింద గాలి బుస్సుమంది. అంత పెద్ద బండి, ఏ తొందరా లేనట్టు, మెల్లగా వెనక్కి జరిగింది. జానెడు. ఇంకో జానెడు. తర్వాత దేనికో తట్టుకుని ఆగింది. వెనక నుంచి ఒక కేక వచ్చింది.

ఆ గొంతు ఆమెకి వాడు పాలు తాగే రోజుల నుంచి తెలుసు.

పిడుగు వెనక చక్రం దగ్గర బోర్లా పడి ఉన్నాడు. చక్రానికి అడ్డంగా రాయి పెడుతున్నవాడు పెడుతున్నట్టే ఉన్నాడు. రాయి సగమే దూరింది. మోచేతుల కింది నుంచి వాడి రెండు చేతులూ ఆ రాయికీ టైరుకీ మధ్య ఉన్నాయి. సరుకుతో నిండిన లారీ వాటి మీద నిలబడి ఉంది.

"తొయ్యండి!" అని అరిచింది అక్క. జనం భుజాలు ఆనించారు. బండి కదల్లేదు. ఎవరో జాకీ అన్నారు. రోడ్డు మీద పడి ఉన్న ముసలాయన మోచేతుల మీద లేచాడు. "జాకీ పెడితే జారుతుంది, మొత్తం వాడి మీదికే వస్తుంది. ముందుకు తీయాల్సిందే. తాళం తెండి, తాళం" అన్నాడు, రక్తం ఉమ్మేస్తూ.

వీధి వీధంతా మురిక్కాలవలో దిగింది. రోకళ్ళు పట్టుకొచ్చినవాళ్ళు రోకళ్ళు పారేసి బురదలో చేతులు పెట్టారు. అక్క గట్టున పడుకుని చేతులు భుజాల దాకా ముంచి తడిమింది. పగిలిన సీసా అరచేతిలో దిగితే తెలియలేదు. చివరికి తాళం ఆమెకే దొరికింది. దాన్ని రెండు చేతులతో పట్టుకెళ్ళి, తాను కొట్టిన మనిషికి అందించింది.

ఆయన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది, వేళ్ళు వాచిపోయాయి. ఇంజను అందుకుంది. లారీ మాత్రం కదల్లేదు.

"ఏం చూస్తున్నావు బాబాయ్, తియ్యి!" అని ఏడ్చింది అక్క.

"గాలి లేదమ్మా. బ్రేకు లేకుండా ఎక్కించబోతే, ఇంజను ఒక్క క్షణం తడబడితే చాలు, బండి పిల్లాడి తల మీదికి వస్తుంది. గాలి నిండనీ. ఆ గాలి మీటరు సూది పైకి ఎక్కేదాకా ఆగాలి." ఆయన కూడా ఏడుస్తున్నాడు.

ఆగారు. ఇంజను ఊరికే తిరుగుతూ ఉంది. నల్లటి పొగ వెనక్కి చిమ్మి, చక్రం దగ్గర కూర్చున్న అక్క ముఖాన్ని, ఒళ్ళో ఉన్న తమ్ముడి ముఖాన్ని కప్పేసింది. ఇద్దరూ దగ్గారు. ఆమె కొంగుతో వాడి ముక్కు మూసి, తాను ఆ పొగంతా పీల్చింది. చుట్టూ జనం చేతులు కట్టుకుని, ఆ చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టి వింటున్నారు.

అప్పుడు ఎదురు మేడ మీద కంచం మోగింది. మంచం మీద వెల్లకిలా పడి ఉన్న మాస్టారికి కింద ఏం జరిగిందో కనపడదు. ఇంజను ఆగలేదని మాత్రమే వినపడుతోంది. నోరు లేని మనిషి, ఉన్న శక్తంతా పెట్టి గరిటెతో కొడుతున్నాడు. ఆపండి, ఆపండి, ఆపండి.

"ఆపకు బాబాయ్!" అని గొంతు చిరిగేలా అరిచింది అక్క. "ఎవరు చెప్పినా ఆపకు!"

పిడుగు కళ్ళు తెరిచాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. అక్క కోపంగా ఉందనుకున్నాడు కాబోలు.

"నేను ఎవర్నీ కొట్టలేదక్కా" అన్నాడు.

ఆమె వాడి తలని పొట్టకి అదుముకుంది. పైన కంచం మోగుతూనే ఉంది. క్యాబిన్‌లోంచి ముసలాయన "నిండింది, పట్టుకోండి" అన్నాడు. లారీ ముందుకు కదిలింది. చక్రం కింది నుంచి వాడి చేతులు బయటపడ్డాయి. జనం ముఖాలు తిప్పుకున్నారు. అక్క మాత్రం చూసింది. రోజూ పొద్దున లేస్తే ఆ చేతుల్ని ఏమని తిట్టేదో గుర్తొచ్చి, చూస్తూనే ఉండిపోయింది.