కుట్టే ఆవిడ, కూరే ఆవిడ

బొమ్మ చెయ్యి సగం తిరగబడి అక్కడే బిగుసుకుపోయింది. చిన్నావిడ పుల్లను లోపలికి గుచ్చి, బొటనవేలితో గుడ్డను కిందికి లాగి, మళ్ళీ గుచ్చింది. కదల్లేదు. చిటికెనవేలైనా పట్టని గొట్టం అది. బొమ్మ చేతిని అంత సన్నగా కుట్టమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పెద్దావిడ కావాలని కుట్టింది. నిన్నా అలాగే కుట్టింది, మొన్నా అలాగే కుట్టింది, ఏళ్ళ తరబడి అలాగే కుడుతోంది. చిన్నావిడ గోళ్ళు విరగాలి, వేళ్ళు వాయాలి, అది చూస్తూ తను హాయిగా టీ తాగాలి.

"ఇదిగో బొమ్మా," అంది చిన్నావిడ, చేతిలో ఉన్న ఆ వంకర బొమ్మతోనే, గొంతు పెద్దది చేసి. "మీ పెద్దావిడకి చెప్పు. ఈ చేతుల్లోకి చీమ కూడా దూరదని."

గదికి అవతల, కిటికీ కింద కూర్చున్న పెద్దావిడ ఇటు చూడలేదు. తన ఒళ్ళో ఉన్న బోడితల బొమ్మను కాస్త పైకెత్తి దానికే చెప్పింది. "బొమ్మా, ఆవిడతో అను. ఆడలేక మద్దెల ఓడన్నదట ఎవరో."

ఆ ఇద్దరూ తోడికోడళ్ళు. అన్నదమ్ములను చేసుకుని ఒక ఇంట్లోకి వచ్చారు, ఆ అన్నదమ్ములిద్దరూ పోయాక ఒక గదిలో మిగిలారు. సందు చివర దర్జీ కొట్టులో పారేసే గుడ్డపీలికలు తెచ్చుకుని బొమ్మలు చేస్తారు. పెద్దావిడ కత్తిరించి, ఒళ్ళూ కాళ్ళూ చేతులూ సంచుల్లా కుట్టి ఇవతలికి విసురుతుంది. చిన్నావిడ వాటిని తిరగేసి, దేనికీ పనికిరాని పీలికలను ఇంకా సన్నగా తరిగి లోపల కూరి, కూరిన చోట కుట్టేసి అవతలికి విసురుతుంది. అప్పుడు పెద్దావిడ నల్లదారంతో కళ్ళు కుట్టి, ఎర్రదారంతో నవ్వు కుట్టి, తలకు ఊలు జుట్టు పెట్టి, గౌను తొడుగుతుంది. సందులో అందరికీ ఆవిడ కుట్టే ఆవిడ, ఈవిడ కూరే ఆవిడ.

ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే నోళ్ళు మూతపడ్డాయని కాదు, తెల్లారి లేచింది మొదలు మాటలే. కాకపోతే అన్నీ బొమ్మలతోనే. ఉప్పు అయిపోయిందన్నా బొమ్మకే చెప్పాలి, అద్దె అడగడానికి మనిషి వచ్చి వెళ్ళాడన్నా బొమ్మకే చెప్పాలి. ముందు ఎవరు మొహం చూసి మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు. అలా అని ఇద్దరూ కూర్చుని అనుకున్నదేమీ లేదు. పంతానికి ఒప్పందాలు ఎందుకు?

దీనంతటికీ మూలం ఒక చొక్కా. చిన్నావిడ మొగుడిది, నీలంగళ్ళది. ఆయన పోయాక కూడా దాన్ని అప్పుడప్పుడు ఉతికి, ఆరేసి, మడిచి దాచుకునేది. ఒకరోజు దానికి గుండీ ఊడితే, సరిపడే గుండీ కోసం డబ్బా వెతుకుతూ చొక్కాను పక్కనున్న పీలికల కుప్ప మీద పెట్టింది. ఇంతలో కుళాయికి నీళ్ళొచ్చాయని కింద కేకలు వినిపిస్తే బకెట్టు పట్టుకుని పరుగెత్తింది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కుప్పలో పడ్డదంతా కత్తెరదే. ఆ కట్టుబాటు పెట్టింది కూడా చిన్నావిడే, ఎందుకంటే పెద్దావిడ ప్రతి మంచి ముక్కనూ పట్టుకుని, కోయనా వద్దా అని పూటంతా తేల్చుకునేది కాదు. మళ్ళీ చొక్కా గుర్తొచ్చి వెతికేసరికి అది మూడు బొమ్మల గౌన్లయి, బొమ్మలు అమ్మే కొట్టుకు వెళ్ళి అమ్ముడుపోయింది. రెండు రోజులపాటు తనకది గుర్తే రాలేదన్న సంగతి చిన్నావిడ ఎవరి దగ్గరా అనలేదు.

చొక్కా పోతే పోయింది, దాన్ని ఎలాగో దిగమింగేది. ఏడుస్తూ వెళ్ళి నిలదీస్తే పెద్దావిడ అన్న మాట ఉంది చూశారూ, అది దిగలేదు. "పోయినవాడికి చొక్కా ఎందుకే?" అంది. తనూ మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషేగా, అనాల్సిన మాటేనా అది? ఆ పూట నుంచి చిన్నావిడ నోరు కట్టేసుకుంది. పెద్దావిడ రెండు రోజులు చూసి, నీకంత ఉంటే నాకెంత ఉండాలి అని తనూ కట్టేసుకుంది. ఇప్పటికీ దారిలో ఏ పిల్ల చంకలోనైనా బొమ్మ కనిపిస్తే చిన్నావిడ నడక తడబడుతుంది, నీలంగళ్ళు కనబడతాయేమోనని.

పెద్దావిడ చేతులు ఇరుకు చేసి కక్ష తీర్చుకుంటే, చిన్నావిడ తక్కువ తిన్న మనిషా? తలలు కూరేటప్పుడు ఆవిడ తడాఖా చూడాలి. తల మెత్తగా ఉంటే సూది సులువుగా దిగుతుంది, కళ్ళు కుట్టేవాళ్ళకి ప్రాణం సుఖం. ఆ సుఖం పెద్దావిడకి దక్కకూడదు. అందుకని పీలికలను పుల్లతో దంచి దంచి, తల రాయిలా అయ్యేదాకా కూరుతుంది. అవతల సూది వంగుతుంది, విరుగుతుంది, జారి వేల్లో గుచ్చుకుంటుంది. పెద్దావిడ "స్" అన్నప్పుడల్లా ఇవతల మొహం వెలుగుతుంది. తమాషా ఏమిటంటే, ఆ పగ వల్లే వాళ్ళ బొమ్మలకు పేరొచ్చింది. పిల్లలు పీకినా చేతులు ఊడవు, మంచం మీంచి పడేసినా మెడ వాలదు. వాళ్ళిద్దరికీ పడి ఉంటే ఆ బొమ్మలను ఎవరు కొనేవాళ్ళో తెలియదు.

ఇవాళ మాత్రం చిన్నావిడకు చేతులు ఇరుకైనా పెద్దగా కోపం రావడంలేదు. కడుపులో ఒక రహస్యం పెట్టుకుని కూర్చుంది. ఉదయం బొమ్మల కొట్టుకు సంచి తీసుకెళితే, కొట్టాయన బొమ్మలు దించుకుని, సొరుగులోంచి ఒక కాగితం పొట్లం తీసి ముందు పెట్టాడు. విప్పి చూస్తే గుండ్రటి గుడ్డముక్కలు, ఒక్కోదాని మీదా అచ్చువేసిన ముఖం. ఇంతింత కళ్ళు, బుగ్గల మీద గులాబీరంగు.

"ఇస్త్రీపెట్టె పెడితే అతుక్కుపోతాయమ్మా," అన్నాడాయన. "ఇక ముఖాలు కుట్టే పని లేదు. చేతిలో ఉన్నవి అవగొట్టండి, వచ్చే దఫా నుంచి ఇవే."

"మరి కత్తిరించడం, కుట్టడం?"

"అవీ మిషను మీద కుట్టించి నేనే పంపిస్తా. మీరు కూరి ఇస్తే చాలు. కూరడం మీలాగా ఎవరికీ రాదు."

కూరి ఇస్తే చాలు. ఆ మాటను దారి పొడుగునా చప్పరించుకుంటూ వచ్చింది చిన్నావిడ. పొట్లాన్ని తన దుప్పటి మడతలో దాచి, ఏమీ ఎరగనట్టు పనికి కూర్చుంది. వెంటనే చెప్పేస్తే ఏం సరదా? సాయంత్రం, ఆఖరి బొమ్మకు నవ్వు కుట్టి పెద్దావిడ నడుము చాపుకునే వేళ, పొట్లం తీసి ఆవిడ ముందు పెడుతుంది. ఒక్కమాట మాట్లాడదు. పెద్దావిడ విప్పుతుంది, చూస్తుంది, అర్థం చేసుకుంటుంది. అప్పుడు ఏ బొమ్మను అడుగుతుంది? బొమ్మలకేం తెలుసు కొట్టాయన ఏమన్నాడో! చచ్చినట్టు ఇటు తిరగాలి, మొహం చూడాలి, "ఏమే, ఇది నిజమేనా?" అని నోరు తెరిచి అడగాలి.

ఆ ఒక్క "ఏమే" చాలు చిన్నావిడకు. చొక్కా గొడవకు ముందు పెద్దావిడ నోట్లో పొద్దస్తమానం అదే మాట. ఏమే టీ తాగావా, ఏమే దారం అందుకో, ఏమే నిద్రపోయావా అని. అప్పుడు విసుగ్గా ఉండేది. ఇప్పుడు దానికోసం ముఖం వాచిపోయి ఉంది, పైకి ఒప్పుకోదు కాని. ఆ మాట అనిపించుకున్నాక ఏం చేయాలో కూడా అనుకుంది. ముందు ఒక పూటంతా బెట్టు చేయాలి. తరువాత, సర్లే, నేను కూరేదాంట్లో నువ్వు కూడా సగం కూరు అనాలి. అలా అని ఊరికే అనకూడదు, కాస్త ఏడిపించి మరీ అనాలి.

ఆ హుషారులో తలలు మామూలుకంటే గట్టిగా దంచింది. అవతల ఒక సూది విరిగింది. కాసేపటికి ఇంకొకటి విరిగింది.

"బొమ్మా," అంది పెద్దావిడ, గొంతులో పస లేకుండా, "ఆవిడతో చెప్పు. ఇది తలా, సుత్తా?"

"బొమ్మా, చెప్పు మీ పెద్దావిడకి. కళ్ళు పెట్టేవాళ్ళకి చేతిలో బలం ఉండాలని."

మామూలుగా అయితే దీనికి అటునుంచి ఒక చురక రావాలి. రాలేదు. ఓడిపోయిందిలే అనుకుని చిన్నావిడ ఇంకో తల అందుకుంది.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేల మీదికి దిగింది. గది ఉడికిపోతోంది. చిన్నావిడ మెడ మీద చెమటకు పీలికల నూగు అంటుకుని దురద పెడుతోంది. అప్పుడు పెద్దావిడ సూదిని బొమ్మ తలలోనే వదిలేసి, బొమ్మను నేల మీద పెట్టి, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుంది.

"కిటికీ వెయ్యవే, చలేస్తోంది," అంది.

చిన్నావిడ ఆ సమయంలో తన లోకంలో తను ఉంది, బెట్టు ఒక పూట చాలా, రెండు పూటలు చేయాలా అని. చేతిలోని బొమ్మను ఎత్తి, అలవాటు కొద్దీ దాని బోడిమొహంతో అంది. "విన్నావా బొమ్మా? ఇంత ఎండలో చలట. కిటికీ పక్కనే కూర్చున్న మనిషికి చేతులు లేవు కాబోలు." అని తల దంచుకోవడంలో పడిపోయింది. పెద్దావిడ కాసేపు కిటికీ వంక చూసి, గోడకు జారగిలబడి కళ్ళు మూసుకుంది.

నిద్రపోతోంది మహాతల్లి అనుకుంది చిన్నావిడ. మంచిదే, లేచాక మొహం తాజాగా ఉంటుంది, రంగులు మారడం బాగా కనిపిస్తుంది. కూరాల్సినవన్నీ కూరేసింది. లేచి టీ పెట్టింది. రెండు గ్లాసుల్లో పోసింది, ఎంత పగైనా టీ దగ్గర లెక్కలు లేవు ఆ ఇంట్లో. ఒక గ్లాసు పెద్దావిడ పక్కన పెట్టింది. ఇక సాయంత్రందాకా ఆగలేకపోయింది. దుప్పటి మడతలోంచి పొట్లం తీసి, విప్పి, ఆవిడ మోకాలి పక్కన ముఖాలన్నీ పైకి కనిపించేలా పరిచింది. వచ్చి తన చోట కూర్చుని, టీ తాగుతూ ఎదురుచూసింది.

టీ అయిపోయింది. అవతలి గ్లాసులో తొరక కట్టింది.

"ఇదిగో బొమ్మా, మీ పెద్దావిడని లేపు."

లేవలేదు. మరోసారి గట్టిగా అంది, కిందివాళ్ళకు కూడా వినిపించేటంత గట్టిగా. వినపడనట్టు నటిస్తోంది, ముఖాలు చూసేసింది, ఏం అడగాలో తెలియక కళ్ళు మూసుకుంది అనుకుంది. ఒళ్ళు మండింది చిన్నావిడకు. పక్కనున్న బొమ్మను ఎత్తి విసిరింది. గట్టి తల పెద్దావిడ భుజానికి ఠపీమని తగిలి ఒళ్ళో పడింది. "స్" అనలేదు ఆవిడ. కళ్ళు కూడా తెరవలేదు.

చిన్నావిడ లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్ళ తరువాతో పట్టుకుంది. చల్లగా ఉంది.

తరువాత జరగాల్సినవన్నీ జరిగాయి. కింది వాటాలో ఉండే ఆవిడ వచ్చింది, ఆవిడ మొగుడు వచ్చాడు, డాక్టరు వచ్చి తల ఊపి వెళ్ళాడు. పొద్దువాలకముందే నలుగురు కలిసి పెద్దావిడను మెట్ల మీదుగా దించి తీసుకెళ్ళారు. మెట్లు ఇరుకు, మలుపు దగ్గర కాస్త కష్టమైంది. అందరూ వెళ్ళిపోయాక కింది వాటా ఆవిడ మాత్రం ఉండిపోయింది. చిన్నావిడకు కన్నీళ్ళు రావడంలేదు, కోపం వస్తోంది. ఇన్నేళ్ళు కాచుకుని, తీరా గెలిచే రోజున ఆట మధ్యలో లేచి వెళ్ళిపోయిన మనిషి మీద ఎవరికి మాత్రం కోపం రాదు?

"పోయేముందు ఏమైనా అందా, పిన్నీ?" అని అడిగింది కింది వాటా ఆవిడ.

"నాతో ఏమంటుందమ్మా, నీకు తెలియనిదేముంది. చచ్చేదాకా పంతం విడిచిపెట్టలేదు. బొమ్మతో అంది, అంతే. కిటికీ వెయ్యమని, చలేస్తోందని."

"అయ్యో. ఏ బొమ్మతో అంది?"

ఏ బొమ్మేమిటి, చేతిలో ఉన్న బొమ్మ అనబోయి చిన్నావిడ ఆగింది. చేతిలో బొమ్మ లేదు. బొమ్మను నేల మీద పెట్టింది, ఆ తరువాత అంది. చేతులు రెండూ చంకల్లో ఉన్నాయి. "ఇదిగో బొమ్మా" అనలేదు, "ఆవిడతో చెప్పు" అనలేదు. వెయ్యవే, అంది. బొమ్మను ఎవరైనా కిటికీ వెయ్యవే అంటారా?

"నాతోనే అంది," అంది చిన్నావిడ.

కింది వాటా ఆవిడకు అర్థం కాలేదు. "ఏమంది?" అని మళ్ళీ అడిగింది.

"నాతోనే అందమ్మా. నా మొహం చూసే అంది. నేను బొమ్మకి జవాబు చెప్పాను."

అప్పుడొచ్చింది ఏడుపు. కూర్చున్న చోటే మోకాళ్ళలో తల పెట్టుకుని, పీలికల మధ్య, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. గెలిచిందట! గెలిస్తే గెలిచానని తెలియాలి కదా మనిషికి. కింది వాటా ఆవిడ వీపు నిమిరి, కాసేపు కూర్చుని, పొయ్యి మీద ఏదో పెట్టొచ్చానని చెప్పి వెళ్ళిపోయింది.

చిన్నావిడ కళ్ళు తుడుచుకుని లేచింది. కిటికీ రెక్కలు రెండూ లాగి గడియ పెట్టింది. "వేశానక్కా," అంది. గదిలో ఆ మాట మరీ పెద్దగా వినిపించింది.

కిటికీ కింద పెద్దావిడ వేసుకు కూర్చునే మెత్త ఉంది. మెత్తంటే దూది కాదు, పీలికలే. మంచిగా ఉన్న రోజుల్లో చిన్నావిడే కూరి ఇచ్చింది. చేత్తో దులిపింది, రెండువైపులా తట్టింది, అంచులు పట్టి లాగి చూసింది. పీలికలు ఒకసారి అణిగాయంటే మళ్ళీ పొంగవని ఆవిడకి తెలియనిదేం కాదు. దాన్ని తీసిన చోటే పెట్టింది. మధ్యలో గుంట, ఒక మనిషి కూర్చునేంత, అలాగే ఉంది.