బస్సు మీద జడ్జి

జడ్జి ఐదున్నరకే కోర్టు మొదలుపెట్టింది.

బస్సు కప్పు మీద రేకుమూత టకటకమని మోగింది. ఓర్వల్ టీగ్ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, మంచం పక్కన నిలబెట్టిన చీపురుకర్రతో కప్పును మూడుసార్లు పొడిచాడు. పైన చప్పుడు ఆగింది. ఆవలింత పూర్తయ్యేలోపు మళ్ళీ అందుకుంది. ఆరేళ్ళుగా ఆయనకు తెల్లవారేది ఇలాగే.

"తీర్పు చెప్పేసి పో. ఈ రోజైనా," అన్నాడు కప్పు వైపు చూస్తూ.

అది వడ్రంగిపిట్ట. నెత్తిన ఎర్రటి టోపీ, ఒంటికి నల్లటి కోటు, తెల్లటి గుండ్రటి కళ్ళు. ఎవరో చెబుతున్న అబద్ధాన్ని ఓపిగ్గా వింటున్నట్టు చూస్తుంది. సుత్తి కొట్టడం మానదు గనుక ఓర్వల్ దానికి జడ్జి అని పేరు పెట్టాడు. తరమడానికి చెయ్యని పని లేదు. మెరిసే కాగితాలు కట్టాడు, పీకి పారేసింది. పైపుతో నీళ్ళు చిమ్మాడు. హాయిగా స్నానం చేసింది. చివరికి ఊళ్ళోకి వెళ్ళి ప్లాస్టిక్ గుడ్లగూబను కొనుక్కొచ్చి కప్పు మీద తీగతో కట్టాడు. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు జడ్జి దాని కుడి కన్ను పొడిచి బొక్క చేసింది. అప్పటి నుంచి ఆ ఒంటికంటి గుడ్లగూబ నెత్తి మీదే కూర్చుని విచారణ సాగిస్తోంది.

ఓర్వల్‌కు డెబ్భై మూడేళ్ళు. పొడగరి. కుడి భుజం ఎడమదాని కన్నా రెండు వేళ్ళు ఎత్తు. పంతొమ్మిదేళ్ళు ఇదే బస్సును బడి పిల్లల కోసం నడిపి, ఆ చేత్తో తలుపు మీట లాగీ లాగీ అలా అయింది. పొద్దున పద్నాలుగు మైళ్ళు, సాయంత్రం పద్నాలుగు మైళ్ళు. ఆ దారి దాటి ఎటూ పోయినవాడు కాదు. బస్సునూ ఆయన్నూ ఒకే ఏడు పనిలోంచి తీసేశారు. పాత బస్సుల వేలంలో ఇంకొకరు నోరు విప్పకముందే చెయ్యెత్తి కొనేశాడు. సీట్లు పీకి మంచం వేశాడు. పొయ్యి పెట్టాడు. గోడలకు పైన్ చెక్కలు కొట్టాడు. పడమటికి పోయి సముద్రం చూడాలని బయల్దేరాడు.

చలికాలం గడుపుదామని దారిలో ఈ చెరువుగట్టు పార్కులో, ఇరవై రెండో నంబరు జాగాలో ఆగాడు. ఆగి పదకొండేళ్ళయింది. సముద్రం ఇక్కడికి రెండు వందల మైళ్ళు. ఎవరైనా అడిగితే "వసంతంలో పోతాను" అనేవాడు. ఏ వసంతమో చెప్పేవాడు కాదు. రెండేళ్ళ క్రితం ఒక వసంతంలో నిజంగానే తాళం తిప్పాడు. బస్సు దగ్గి, నల్లటి పొగ కక్కి, ఆగిపోయింది. ఇంజన్ చచ్చిందన్నాడు మెకానిక్. ఓర్వల్ తలూపాడు. ఆ మాట విన్నప్పుడు లోపలెక్కడో కాస్త నెమ్మది కలిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆరింటికి కాఫీ తాగి, రబ్బరు తొడుగులు వేసుకుని పనిలోకి దిగాడు. రెండు మరుగుదొడ్ల గదులు కడగాలి. పన్నెండు నెగడు గుంతల్లోంచి బూడిద ఎత్తాలి. బాట మీద ఓక్ ఆకులు ఊడ్వాలి. ఈ పనికి బదులుగా ఆయనకు జాగా, నీళ్ళు, కరెంటు ఇస్తారు. బూడిదలో మేకు దొరికితే జేబులో వేసుకుంటాడు, ఎవరి చక్రానికీ గుచ్చుకోకుండా. అద్దాలు రెండుసార్లు తుడుస్తాడు. ఎవరూ గమనించరు. గమనించాలని ఆయనా అనుకోడు. ఈ రోజు మాత్రం గదులకు తాళం వేసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది.

పార్కుకు ఈ ఏడు కొత్త అధికారి వచ్చాడు. ప్రెస్టన్ అని, వయసు తక్కువే గానీ మర్యాద తెలిసినవాడు. నెల క్రితం టోపీ తీసి మరీ చెప్పాడు.

"టీగ్ గారూ, తప్పుగా అనుకోకండి. ఇది బండ్లు ఆగే చోటు. కదిలితేనే బండి. అక్టోబరు ఆఖరు రోజు, మధ్యాహ్నం పన్నెండు లోపల మీ బస్సు తనంతట తను గేటు దాకా వెళ్ళి వస్తే చాలు. ఇంకో పదేళ్ళుండండి. కదల్లేదంటే ఈడ్చుకుపోయే లారీ వస్తుంది, తుక్కు కింద వేసేస్తారు. నా చేతుల్లో లేదు."

ఈ రోజే ఆఖరు రోజు.

నెల్లాళ్ళూ ఓర్వల్ చెయ్యగలిగిందంతా చేశాడు. కొత్త బ్యాటరీ పెట్టాడు. పాత డీజిల్ తోడేసి కొత్తది పోశాడు. చక్రాలకు గాలి కొట్టాడు. నిన్న కూడా అదే దగ్గు, అదే నల్లపొగ.

పదిన్నరకు బస్సెక్కి సెల్ఫ్ కొట్టాడు. దగ్గింది, కక్కింది, ఆగింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అప్పుడే పసుపు దీపం లారీ వచ్చి బాట అవతల నిలబడింది. డ్రైవరు దిగలేదు. స్టీరింగు మీద కాగితం పరుచుకుని శాండ్‌విచ్ విప్పాడు.

పక్కన ఇరవై ఒకటో జాగాలో విల్మా స్టాకర్డ్ మడత కుర్చీలో కూర్చుని వేరుశెనగలు ఒలుస్తోంది. భర్త పోయాక చిన్న ట్రైలరు లాక్కుంటూ దేశమంతా తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక చలికాలాలు ఇక్కడే గడుపుతోంది. ఆ వేరుశెనగలు జడ్జికే.

"ఏమయ్యా ఓర్వల్, క్యాంపంతా పొగబెట్టావు. దోమలకా?"

"నోరు మూసుకో విల్మా."

"మూసుకుంటాలే. నీ బస్సు కదిలిన రోజున నా మోకాళ్ళూ వంగుతాయి. ఇద్దరం కలిసి డాన్సు చేద్దాం."

ఓర్వల్ బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. పెద్ద చేతులు రెండూ మోకాళ్ళ మధ్య వేలాడాయి. ఆ ముఖం చూసి విల్మా గిన్నె కింద పెట్టింది.

"ఒకటడుగుతాను. చుట్టూ తిరిగావా?"

"ఏంటి?"

"బండి చుట్టూ. ఒక చుట్టు తిరిగి, చేత్తో తట్టి చూసుకోకుండా ఇక్కడ ఎవరన్నా తాళం తిప్పుతారా? పదిహేడో నంబరాయన నీళ్ళ పైపు విప్పకుండా బయల్దేరి, కుళాయి ఊడబెరుక్కుపోలా? వారం రోజులు నవ్వావుగా నువ్వు."

"నేనెక్కడికి పోతున్నానే? గేటు దాకా."

"అందుకే అది కదలట్లేదేమో. పోయేవాడిలా ఒక్కసారి తిరిగి చూడు ముందు."

ఓర్వల్ లేచాడు. బడి రోజుల్లో రోజుకు రెండుసార్లు తిరిగేవాడు, చక్రాల దగ్గర ఏ చిన్నవాళ్ళైనా ఉన్నారేమోనని. ఆగిపోయాక మానేశాడు. ఉంటున్న ఇంటిని రోజూ తట్టి చూసుకునేదెవరు?

ముందు దీపాలు తుడిచాడు. నీళ్ళ పైపు విప్పాడు. కరెంటు తీగ చుట్టి లోపల పెట్టాడు. కప్పు మీద వదులు సామాను ఉండకూడదు గనుక నిచ్చెనెక్కి తీగ కత్తిరించి, గుడ్లగూబను చంకన పెట్టుకుని దిగాడు. చెక్కబల్ల మీద నిలబెట్టాడు. ఓక్ కొమ్మ మీంచి జడ్జి గొంతు చించుకుని అరిచింది. ఓర్వల్ పట్టించుకోలేదు. కుడి పక్కంతా తట్టుకుంటూ వెళ్ళి బస్సు వెనక వైపుకు మళ్ళాడు.

ఎడమ పక్క చివర, ఇంజనున్న చోట, అరచేత్తో రేకు మీద కొట్టాడు. లోపల గలగలమంది.

ఇంకోసారి కొట్టాడు. గలగల.

అక్కడ తల ఎత్తున, ఇంజన్ గాలి పీల్చుకునే జాలీ ఉంది. దాని పై మూల తుప్పు తిని బొటనవేలు పట్టేంత సందు. ఓర్వల్ ఆ సందును చూశాడు. కొమ్మ మీద జడ్జిని చూశాడు. పానా తెచ్చి, వెనక మూత ఎత్తి, గాలి గొట్టం బిగింపు వదులు చేశాడు. గొట్టం ఊడగానే ఓక్ కాయలు జలజలమని ఛాతీ మీద కురిశాయి. బూట్లు మునిగాయి. ఇంకా పడుతూనే ఉన్నాయి. మెకానిక్ ఇంజనంతా చూశాడు గానీ దాని ముక్కులోకి తొంగి చూడలేదు.

"ఒరే జడ్జీ!" అన్నాడు ఓర్వల్. పదకొండేళ్ళలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. "రెండేళ్ళు దీని పీక నొక్కి పెట్టింది నువ్వట్రా!"

విల్మా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "చలికాలానికి కాయలు దాచుకునే దాని గోదాములో నువ్వు కాపురముంటున్నావయ్యా ఇన్నాళ్ళూ!"

బూడిద బకెట్టుతో నాలుగు బకెట్లెత్తాడు. అన్నీ ఓక్ చెట్టు మొదట్లో గుమ్మరించాడు. జడ్జి, దాని బంధువులు ఏడెనిమిది, గోల చేసుకుంటూ దిగి లెక్క చూసుకోవడం మొదలుపెట్టాయి. "ఒక్కటి కూడా తగ్గదు. చూసుకో," అన్నాడు.

గొట్టం బిగించేసరికి పదకొండూ యాభై. ప్రెస్టన్ గేటు దగ్గర గడియారం చూసుకుంటున్నాడు. ఓర్వల్ సీట్లో కూర్చుని, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, సెల్ఫ్ కొట్టాడు.

దగ్గింది. నల్లటి పొగ ఒక్క ముద్ద కక్కింది. తరవాత బూడిదరంగు. తరవాత పొగే లేదు. పైన్ చెక్కలు వణికాయి, అలమరలో కప్పులు గణగణలాడాయి, కాళ్ళ కింద నేల బతికింది. లారీ డ్రైవరు శాండ్‌విచ్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. ఒక జాగాలో హారన్ మోగింది. రెండో జాగాలో మోగింది. చెరువుగట్టు పొడుగునా మోగాయి. విల్మా కుర్చీ చేతులు పట్టుకోకుండా లేచి, గౌను అంచు పట్టుకుని మోకాళ్ళు ఒక్క బెత్తెడు వంచింది.

"గేటు దాకానేగా?" అని అరిచింది.

ఓర్వల్ ఎత్తు భుజం చేత్తో మీట లాగాడు. తలుపు మూసుకుంది.

బస్సు కదిలింది. గేటు దగ్గర ప్రెస్టన్ టోపీ ఊపాడు.

"గెలిచారు టీగ్ గారూ! ఇక్కడే తిప్పుకుని వచ్చెయ్యండి!"

ఓర్వల్ తలుపు తెరిచి తాళాల గుత్తి అందించాడు. "రెండో గదిలో కుళాయి కారుతోంది. వాషరు మార్చండి."

"మీరెక్కడికి?"

"పడమటికి."

బస్సు గేటు దాటి ఆగింది. ఎడమ దీపం ఆరి వెలిగింది, ఆరి వెలిగింది. తిరిగింది. గేరు మారిన చప్పుడు, ఇంకో గేరు మారిన చప్పుడు విల్మాకు వినిపించాయి. తిరిగొచ్చే బండి అన్ని గేర్లు వెయ్యదని ఆమెకు తెలుసు. చప్పుడు గుట్ట అవతలికి పోయి సన్నబడే దాకా నిలబడే ఉంది.

"పోవయ్యా, పో," అంది.

అప్పుడు చూసింది. ఇరవై రెండో జాగాలో గడ్డి మొలవని పొడుగాటి నేల. అన్నీ సర్దుకున్న మనిషి ఒకటి మర్చిపోయాడు. కేకెయ్యబోయి మానుకుంది. వేరుశెనగల గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

కాసేపటికి జడ్జి కుప్పలోంచి ఒక కాయ ఏరుకుని వచ్చింది. బస్సున్న చోట గాలిలో రెండు చుట్లు తిరిగింది. బల్ల మీద వాలి సుత్తి నాలుగుసార్లు కొట్టి, ఎగిరిపోయింది. బల్ల మీద ప్లాస్టిక్ గుడ్లగూబ పడమటి వైపు చూస్తూ ఉంది, కుడికంటి బొక్కలో గట్టిగా బిగించిన పచ్చి ఓక్ కాయతో.